పారిసు సభకు తెలుగువారి ఓటు

బందరులో పేటల పేర్లే సగము చరిత్రను చెప్పును. బంటుమిల్లి నుండి పెడన మీదుగా కోర్టు పనికో, వైద్యమునకో పట్టణము చేరు రైతు వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లను నిత్యము వినుచునే యుండును. వలందులనగా హాలెండు దేశస్థులు. పరాసులనగా ఫ్రెంచివారు. వలందులు 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే వచ్చిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. ఫ్రెంచివారు గోలకొండ సుల్తాను వద్ద ఫర్మానా పొంది 1669లో ఇచ్చట వర్తకశాల పెట్టిరి. ముగ్గురికిని కావలసినది మన నేతగాండ్ర గుడ్డయే, మన అద్దకమువారి రంగులే.

ఫ్రెంచివారికి బందరు కోట దక్కినది కొద్ది సంవత్సరములు మాత్రమే. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఒక రాత్రివేళ దాడిచేసి ఆ కోటను పట్టుకొనెను. 1763 నాటి పారిసు సంధితో వారికి వర్తకస్థానములు తిరిగి వచ్చినవి గాని, వెనుకటి అధికారము రాలేదు. బందరులో వారికి మిగిలినది కొద్దిపాటి స్థలము, దానిపై తమ జెండా నెగురవేయు హక్కు. ఇట్టి చిన్నచిన్న స్థలములను వారు లోజులనిరి. సూరతు, కోళిక్కోడు, ఢాకా, పాట్నా మొదలగు చోట్ల కూడ ఇట్టివి యుండెడివి. బందరు లోజీ వ్యవహారములు యానాములోని అధికారి క్రింద నుండెను. ఈ లోజులన్నిటిని ఫ్రాన్సు మన దేశమున కప్పగించినది 1947 అక్టోబరు 6వ తేదీన. అనగా స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ ఏడు వారములకు పైగా బందరు నడుమ ఒక చిన్న తునక పరాయి రాజ్యముగనే నిలిచియుండెను.

ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియవలసినంతగా తెలియనిది మరియొకటి కలదు. పుదుచ్చేరి, కారైకాలు, మాహే, చంద్రనగరు, యానాం అను అయిదు ఫ్రెంచి స్థావరములును కలిసి పారిసు శాసనసభకు ఒక సభ్యుని ఎన్నుకొని పంపుచుండెడివి. యానాములోని తెలుగువారు ఆ ఓటర్లలో నుండిరి. బంటుమిల్లి రైతుకు గాని, గుడివాడ వర్తకునికి గాని, దివిసీమ పల్లెకారునికి గాని లండను సభలో నోరు లేని కాలమున, గోదావరి ముఖద్వారము చెంతనున్న ఒక చిన్న ఊరి తెలుగువారికి యూరపు ఖండపు సభలో ఒక ప్రతినిధి యుండెను. ఆ ప్రతినిధి అచ్చట ఏమి అడిగెను, దేనిని ముందు పెట్టెను, దేనిని వెనుకకు నెట్టెను అను విషయమునే మేము నేడు శ్రోతల ముందుంచదలచినాము.

మొదట ఒక మాట. ఫ్రెంచివారు తమ శాసనసభ సభ్యుని డెప్యూటీ అందురు. మన డెప్యూటీ కలెక్టరు, డెప్యూటీ తహసీలుదారులతో ఈ డెప్యూటీకి బంధుత్వమేమియు లేదు. ప్రజల తరపున పంపబడినవాడని ఆ పదమున కర్థము.

1848లో ఫ్రాన్సున విప్లవము వచ్చి రాజరికము పోయినది. పురుషులందరికిని ఓటు అను సూత్రమును కొత్త ప్రభుత్వము అంగీకరించెను. ఆ సూత్రమును వలసలకు కూడ కొంతవరకు వర్తింపజేసిరి. ఫ్రెంచి ఇండియాలో అయిదేండ్లు నివాసమున్న స్థానికుడు పౌరసత్వపు కాగితములు చూపనక్కరలేకయే ఓటు వేయవచ్చునని అప్పుడు నిర్ణయించిరి. కొలది కాలములోనే ఆ హక్కు పోయినది. మూడవ నెపోలియను చక్రవర్తి పతనానంతరము 1871లో మరల వచ్చినది. 1876 నుండి పై సభయైన సెనేటుకు కూడ ఒక సభ్యుడు వెళ్లుచుండెను. అప్పటికి ఇంగ్లీషువారి పాలనలోని భారతదేశమున ఎచ్చటను సామాన్య సేద్యగానికి ఒక జాతీయ శాసనసభకు ఓటు లేదు. ఈ సంగతిని మేము తక్కువ చేయజాలము. అయినను ఓటు ఎచ్చటికి చేరినదో చూచిన తరువాతనే దాని విలువ కట్టవలసియున్నది.

1871లో ఎన్నికైన వాడు దెబాసాయ్ ద రిష్మోఁ ప్రభువు. పూర్వమొకప్పుడు పుదుచ్చేరికి గవర్నరు నిచ్చిన కుటుంబము వారిది. 1881 నుండి 1898 వరకు పియేరు అలీపు అను నాయన ఆ స్థానము నలంకరించెను. 1910 నుండి 1924 వరకు పోలు బ్లూయిసెన్ అను పత్రికా రచయిత సభ్యుడుగా నుండి, పిమ్మట సెనేటునకు పోయెను. వీరు పారిసులో రాజకీయము చేయువారు. ఫ్రాన్సులో ఒక నియోజకవర్గము సంపాదించుట కష్టము, వ్యయము. వలసలలో ఒక స్థానము దొరికినచో సుళువు. ఇండియా సభ్యుడనిపించుకొనుటకు ఇండియాలో కాపురముండనక్కరలేదు. పుదుచ్చేరిలో ఓట్లు సమకూర్చు పెద్దమనిషి యొకడుండిన చాలును.

అట్టి పెద్దమనిషి యుండెను. ఆయన పేరు షణ్ముగ వేలాయుధ ముదలియారు. 19వ శతాబ్దపు చివరి రెండు దశాబ్దములలో ఫ్రెంచి ఇండియా ఎన్నికలు ఆయన కనుసన్నల నడచినవనుట చరిత్రకారులందరు నంగీకరించిన సంగతి. ఎవ్వరు పారిసు పోవలెనో నిర్ణయించునది ఆయన చేతిలోని ఓట్ల కట్టయే. సభ్యునికి ఓటరుతో పని లేదు, ఓట్లు తెచ్చువానితోనే పని. కనుక సభ్యుని ప్రాధాన్యములేవో తెలియవలెనన్నచో సభ్యుని ప్రసంగములు చదువుటకన్న ఆ మధ్యవర్తికి ఏది కావలెనో విచారించుట దగ్గరి దారి.

ఆయనకు కావలసినది ఆచారరక్షణము. 1819 నాటి ఒక శాసనముచే ఫ్రెంచివారు తమ ఇండియా ప్రజలకు వారి వారి ధర్మములు, కులాచారములు చెడకుండ తీర్పులు జరిపింతుమని మాట యిచ్చియుండిరి. 1881లో మరియొక శాసనము వచ్చినది. ఇష్టమున్నవాడు తన వ్యక్తిగత ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరధర్మము క్రిందికి రావచ్చును. ఒక ఇంటిపేరు పెట్టుకొని ఫ్రెంచివానితో సమానుడు కావచ్చును. ఇట్లు వచ్చినవారిలో క్రైస్తవులును, హిందూ సమాజమున అణగద్రొక్కబడిన కులములవారును హెచ్చు. వారికిది కొత్త ద్వారము. పై కులముల పెద్దలకది కంటిలో నలుసు. 1884లో స్థానిక సభల ఎన్నికలకు ఓటర్లను మూడు జాబితాలుగ విభజించిరి. యూరపువా రొక జాబితా, ధర్మము వదలుకొన్నవా రొక జాబితా, తక్కిన జనమంతయు ఒక జాబితా. గుప్పెడు మంది యూరపువారికిని, రెండు లక్షలకు పైబడిన జనమునకును వేరువేరు వాటాలు వచ్చినవి. జాబితాల తగవు, వాటాల తగవు, కులముల తగవు పుదుచ్చేరిలో పుట్టి, ఓడనెక్కి, పారిసు చేరుచుండెడివి. సభ్యుడు ఎవరి ఓట్లతో వచ్చెనో వారి పక్షమున వాదించుట సహజమే గదా.

ఇక ధనము సంగతి. 1815లో ఇంగ్లీషువారితో ఒక ఒడంబడిక జరిగినది. దాని ప్రకారము ఫ్రెంచి స్థావరములలో పండిన ఉప్పును కొనుహక్కు ఇంగ్లీషు కంపెనీకి పోయినది. ప్రతిఫలముగ ఏటేట నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రాన్సునకు చేరవలెను. 1818లో ఉప్పు పండించుటయే మానివేయవలెనని, అందుకు ఉప్పుమడుల వారికి సాలుకు 4,000 పగోడాలు ఇచ్చునట్లును మరియొక ఒప్పందము కుదిరినది. నాలుగు లక్షలు ఫ్రాన్సు ఖజానాకు పోవుచుండగా, అది ఎవరికి చెందవలసిన సొమ్మను వాదము చాలకాలము నడచెను. ఉప్పుమడి కాలితో త్రొక్కినవానికి దక్కినది ఆ 4,000 పగోడాలలో ఏపాటి వంతో శ్రోతలు ఊహించుకొందురు గాక.

ఉప్పుకన్న గుడ్డ మాట పారిసులో ఎక్కువగా వినబడినది. పుదుచ్చేరిలో నీలిమందు వేసి అద్దిన ముతకగుడ్డకు గినీగుడ్డ అని పేరు. ఆఫ్రికా ఖండమున సెనెగలు దేశములో జిగురు కొనువారికి ఆ గుడ్డయే నాణెము. ఇంగ్లండు, బెల్జియము మిల్లులు అట్టి గుడ్డనే చౌకగ చేసి పంపసాగిన పిమ్మట పుదుచ్చేరి మిల్లులకు దెబ్బ తగిలినది. పరదేశపు గినీగుడ్డపై సెనెగలులో సుంకము హెచ్చించు ఉత్తరువు 1877లో వెలువడినది. ఇట్టి సుంకముల పోరాటము మిల్లు యజమానులకు ప్రాణప్రదము. సభలో దానికి వకాల్తా దొరకుట సులభము. ఆ కాలముననే బందరు అద్దకపు గుడ్డ పేరు మాసిపోవుచుండెను. ఒకప్పుడు పారసీక దేశమున మేలి వస్త్రముగ చెల్లిన సరకు అది. దానిని కాపాడుడని అడుగుటకు లండను సభలో మనుష్యుడు లేడు. పారిసు సభలో మనుష్యుడున్నను, పరాసుపేట ప్రక్కన నివసించు అద్దకమువాడు ఆయన ఎరిగిన లోకమున లేడు. పెడన, పోలవరము గ్రామములలో ఆ పని మరల తలయెత్తినది చాలకాలమునకు, వేరు మార్గమున.

ఫ్రెంచి ఇండియా జనమంతయు సుమారు రెండు లక్షల డెబ్బదివేలుండగా యానాం జనము అయిదువేలకు అటునిటు. తెలుగు ఓటు ఎంతయో దీనినిబట్టియే తెలియుచున్నది. యానాములోని ఓట్లన్నియు ఒకవైపు పడినను పుదుచ్చేరిలోని ఒక వీథి ఓట్లు వానిని తూచివేయును. ఓటు గలవాడగుట వేరు, లెక్కకు వచ్చువాడగుట వేరు.

ఇచ్చట ఇంగ్లండు సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇంగ్లీషు పార్లమెంటులో ఇండియాకు ఒక్క స్థానమును లేదు. అయినను 1892లో దాదాభాయి నౌరోజీ లండనులోని సెంట్రలు ఫిన్స్‌బరీ నియోజకవర్గము నుండి అతి స్వల్పమైన ఆధిక్యముతో ఎన్నికయ్యెను. ఆయనకు ఓటు వేసినవారు లండను నగరపు శిల్పులు, దుకాణదారులు. ఆయన వారి పనులను విడువలేదు. కాని సభలో ఆయన ముందు పెట్టినది భారతదేశపు దారిద్ర్యము, ఇచ్చటి నుండి ఇంగ్లండునకు తరలిపోవు ధనము, సివిలు సర్వీసు పరీక్షలు ఇండియాలో కూడ జరుగవలెనను కోరిక. ఆ పరీక్షల తీర్మానమును 1893లో కామన్సు సభ అంగీకరించెను. ప్రభుత్వము అమలు జరుపలేదు, అది వేరు కథ. 1895లో నౌరోజీ ఓడిపోయెను. ఫ్రెంచివారి పద్ధతిలో ఓటు మనది, మనుష్యుడు వారివాడు. లండనులో ఓటు వారిది, మనుష్యుడు మనవాడు. మూడేండ్ల కాలములో నౌరోజీ చేసిన పనికి సాటిరాగలిగినది పారిసులోని ఇండియా స్థానము నుండి ఆ తరములలో వెలువడినట్లు మాకు కానరాదు.

అట్లని ఓటు లేనిచోట ఏదియు జరుగలేదనుటయు సత్యము గాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దానిని కట్టుడని కృష్ణామండలపు రైతు ఏ సభ్యునికిని చెప్పలేదు. చెప్పుటకు సభ్యుడే లేడు. కాటను దొర వంటి ఇంజనీర్లు వ్రాసిన లెక్కలు చూచి, శిస్తు పెరుగునని తెలిసిన మీదట, కంపెనీవారు ఒప్పుకొనిరి. శిస్తు పెరుగని పని మాట అడుగువాడెవడు? 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన పడి సుమారు 30,000 మంది చనిపోయిరి. సముద్రము నుండి కాపాడు పని కంపెనీ లెక్కలలోను, దాని తరువాత వచ్చిన రాణీగారి ప్రభుత్వపు లెక్కలలోను ఆనకట్టవలె లాభము చూపు పని కాదు. ప్రతినిధి కావలసినది ఇట్టి పనులకే.

పారిసు సభలోని మౌనము మన డెల్టాల గృహములలోనికి వచ్చిన సందర్భ మొకటి కలదు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టమును 1929లో ఢిల్లీ శాసనసభ ఆమోదించెను. 1930 ఏప్రిలు 1వ తేదీ నుండి ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు నిండనిదే వివాహము చేయుట నేరమైనది. ఫ్రెంచి గడ్డపై ఈ చట్టము చెల్లదు. అంతట గోదావరి సీమనుండియు, దూరపు తావులనుండియు పెండ్లివారు పడవలెక్కి, బండ్లు కట్టుకొని యానాం చేరిరి. ముహూర్తముల దినములలో ఆ చిన్న ఊరు పందిళ్లతో నిండిపోయెడిది. దానికి కల్యాణపురమను పేరు వచ్చినది. ఆ పేరు నేటికిని పెద్దలు చెప్పుకొందురు, నవ్వుచు చెప్పుకొందురు. ఆ పందిళ్లలో కూర్చుండబెట్టబడిన ఎనిమిదేండ్ల, తొమ్మిదేండ్ల బాలికలను తలచుకొన్నచో మాకు నవ్వు రాదు.

ఆ విషయము పారిసులో అడుగవలసినవాడు ఇండియా సభ్యుడు. ఆయనను గెలిపించునది ఆచారరక్షణము కోరు పెద్దల ఓట్లు. 1819 నాటి మాట తప్పితిరని వారు కేకలు వేయగలరు. బాలికకు ఓటు లేదు. బాలిక తల్లికిని లేదు. ఫ్రాన్సులోనే స్త్రీలకు ఓటు వచ్చినది రెండవ ప్రపంచయుద్ధపు చివర. ఇట్లు ఒక మంచి మాట, అనగా పరాయివారి ఆచారములలో జోక్యము చేసికొనమను మాట, పెండ్లి సంతకు పునాది యైనది. యానాములో సుంకము లేని పరదేశపు సరకుల కొరకు మంగళవారపు సంతకు చుట్టుప్రక్కల జనము పోవుట యుండెడిది గదా. ఈ పెండ్లిండ్లును ఒకవిధముగ అట్టి బేరమే. చట్టపు సుంకము తప్పించుకొనుట.

కార్మికుల సంగతి క్లుప్తముగ చెప్పుదుము. 1936 జూలై 30వ తేదీన పుదుచ్చేరి మిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది మరణించిరి. వారి నాయకుడు వి. సుబ్బయ్య మరుసటి సంవత్సరము తానే పారిసు పోయి మంత్రులకు మొరపెట్టుకొనెను. 1937లో ఎనిమిది గంటల పనిదినమును, సంఘము పెట్టుకొను హక్కును గుర్తించు శాసనము వచ్చినది. సభలో ఇండియా స్థానమున ఒక సభ్యుడు కూర్చుండియుండగా కార్మికుడు సముద్రము దాటి పోవలసివచ్చుట గమనింపదగినది.

యుద్ధానంతరము పరిస్థితి మారినది. 1945, 46 సంవత్సరములలో వేరువేరు జాబితాలు పోయినవి. స్త్రీలకు ఓటు వచ్చినది. పారిసు సభకు పుదుచ్చేరి ఉపాధ్యాయుడు లాంబెరు శరవణన్ ఎన్నికయ్యెను. కార్మిక నాయకుడు సుబ్బయ్య పై సభకు వెళ్లెను. తొలిసారిగ ఓటును, మనుష్యుడును ఒక్క గడ్డకు చెందినవైనవి. అయితే అప్పటికి పారిసులో అడుగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలినది. మేము మీ సభలో ఇంకను ఎందుకు కూర్చుండవలెను? సుంకములు, వాటాలు, జాబితాలు వెనుకబడినవి. 1948 జూనులో భారత, ఫ్రెంచి ప్రభుత్వములు ప్రజాభిప్రాయము తీసికొనుట కంగీకరించినవి. 1949లో చంద్రనగరు ఓటువేసి భారతదేశమున చేరినది.

1946లో ఏర్పడిన ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధి సభలో మొత్తము 44 స్థానములు, యానామునకు రెండు. 1951లో పారిసు స్థానమునకు ఎదువారు గుబేరు ఎన్నికయ్యెను. ఫ్రాన్సు పక్షమున గట్టిగ నిలిచినవాడని ఆయనకు పేరు. 1954 మార్చిలో ఆయన పక్షము మార్చి భారతదేశములో విలీనము కావలెనని ప్రకటించెను. ప్రాధాన్యములు ఒక్క నెలలో ఇట్లు తలక్రిందులగుటకు హృదయ పరివర్తనము కారణమో, అధికారులతో చెడుట కారణమో, గాలివాటు కారణమో పలువురు పలువిధములుగ వ్రాసిరి. మూడును కొంతకొంత యుండవచ్చునని మా అభిప్రాయము. ఆయనయే తరువాత 1963లో పుదుచ్చేరికి ముఖ్యమంత్రి యయ్యెను.

యానాం తెలుగువారు పారిసు సభ్యుని నిర్ణయము కొరకు వేచియుండలేదు. 1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్య ప్రభృతుల నాయకత్వమున విమోచనోద్యమకారులు ఆ ఊరిలో ప్రవేశించి అధికారము గైకొనిరి. అక్టోబరు 18న కిళూరులో సమావేశమైన 178 మంది స్థానిక ప్రతినిధులలో 170 మంది విలీనమునకు ఓటు వేసిరి. నవంబరు 1వ తేదీన పరిపాలన మారినది. ఒప్పందము 1956 మే 28న వ్రాతలోనికి వచ్చి, 1962 ఆగస్టులో ధ్రువపడినది. పారిసు సభలో ఇండియా స్థాన మంతటితో ముగిసినది.

అయినను ఒక చిన్న తోక మిగిలినది. నాటి ఒప్పందము ప్రకారము ఫ్రెంచి పౌరసత్వము నుంచుకొనిన కుటుంబములు పుదుచ్చేరిలో హెచ్చుగను, యానాములో కొలదిగను కలవు. ఫ్రాన్సు 2012 నుండి విదేశములలోని తన పౌరులకు 11 నియోజకవర్గములు ఏర్పరచినది. మన దేశములోని ఫ్రెంచి పౌరులు పదునొకండవదానిలో చేరిరి. ఆ వర్గము ఆసియా, ఓషియానియా, రష్యాల మేర వ్యాపించియున్నది. 2012లో తియెరీ మరియానీ, 2017 మొదలు వరుస ఎన్నికలలో ఆన్ జెనెతె గెలిచిరి. అట్టి స్థానమున నున్నవారి దృష్టి విదేశములలోని ఫ్రెంచి పాఠశాలలపైనను, దౌత్యకార్యాలయపు సేవలపైనను, పన్నులపైనను పోవుట వింతగాదు. సిడ్నీలోని ఉద్యోగియు, యానాములోని పింఛనుదారుని మనుమడును ఒక్క సభ్యునికే ఓటు వేయుదురు. 1871 నాటి చిక్కు కొంత కొత్త వేషమున కనబడుచున్నది.

భారత పార్లమెంటు విషయముననైనను యానాము స్థితి పూర్తిగ వేరు గాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతటికి లోక్‌సభలో ఒక్క స్థానమే. యానాం ఓటరునకును, ఆ స్థానపు కేంద్రమునకును ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరము, నడుమ భాష వేరు.

ఇక మన సంగతి. బంటుమిల్లి వారు పెడన శాసనసభా నియోజకవర్గమునను, మచిలీపట్నము లోక్‌సభ నియోజకవర్గమునను ఓటు వేయుదురు. 1952లో మచిలీపట్నము నుండి కమ్యూనిస్టు పక్షపు సనకా బుచ్చికోటయ్య మొదటి లోక్‌సభకు వెళ్లెను. 1957లో కాంగ్రెసు పక్షపు మండలి వెంకట కృష్ణారావు వెళ్లెను. గుడివాడ అప్పట్లో వేరు లోక్‌సభ స్థానముగ నుండి, 1977 నుండి మచిలీపట్నములో కలిసినది. ఇచ్చటి సభ్యుడు ఏ పక్షమువాడైనను ఆయన వద్దకు వచ్చు అర్జీలు నేల నుండియే పుట్టును. కాలువ చివరి చేలకు నీరందదు. వేసవిలో చవుడు పైకి వచ్చును. చేపల చెరువుల నీరు, వరిచేల నీరు ఒక్క మురుగుకాలువలోనే పడవలసివచ్చును. తుఫానుకు గట్లు తెగును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన పడి పదివేల మందికి పైగా పోయినపుడు 1864 నాటివలె అడుగు నోరు లేకపోలేదు. తరువాత తుఫాను రక్షణ గృహములు లేచినవి, హెచ్చరిక పద్ధతులు బాగుపడినవి. 1990 మే నెలలో ఈ తీరమునకే మరియొక పెనుతుఫాను వచ్చినపుడు లక్షలమందిని ముందుగ తరలించిరి. పోయినవారి సంఖ్య సుమారు వేయి.

నోరున్నంతమాత్రమున అన్నియు జరిగినవనుటలేదు. బందరు ఓడరేవునకు 2008లోను, 2019లోను, 2023లోను మూడు శంకుస్థాపనలు జరిగినవి. పనులు నిజముగ చేపట్టబడినది మూడవసారి తరువాతనే. మొదటి రాతికిని మూడవ రాతికిని నడుమ పదునైదేండ్లు గడచినవి. ఆ పదునైదేండ్లలో సభలో ఎవరు ఎన్నిసార్లు అడిగిరి, ఏమి జవాబు పొందిరి అనునది వ్రాతపూర్వకముగ నున్నది. లోక్‌సభ కూడిన దినమున మొదటి గంట ప్రశ్నలకు కేటాయింపబడును. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నలు దినమునకు 20. వానికి మంత్రి నోటితో జవాబు చెప్పవలెను, వెంటనే మారు ప్రశ్న వేయవచ్చును. గుర్తులేని ప్రశ్నలు 230 వరకు, వానికి వ్రాతలో జవాబు వచ్చును. ప్రతి ప్రశ్నకు అడిగినవారి పేరు, నియోజకవర్గము, తేదీ ఉండును. మచిలీపట్నము పేరుమీద ఏయే సంవత్సరమున కాలువ వచ్చినదో, రేవు వచ్చినదో, ఉప్పెన గట్టు వచ్చినదో, ఏయే సంవత్సరమున ఏదియు రాలేదో ఆ పుటలు తిరుగవేసి ఎవ్వరైనను చూడవచ్చును. పియేరు అలీపుగారి కాలమున యానాం ఓటరుకు ఆ వసతి లేకుండెను. పారిసు సభ కార్యకలాపములు అచ్చుపడుచునే యుండెను గాని అవి ఫ్రెంచి భాషలో నుండెను.